3 వేల రిపోర్టుతో లోను వస్తుంది, గానుగ తిరుగుతుందా? నల్గొండ, పాలమూరు ప్రాజెక్ట్ రిపోర్ట్ సర్వీసుల రివ్యూ

నల్గొండ క్లాక్ టవర్ దగ్గరైనా, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనైనా జిరాక్స్ సెంటర్ బోర్డు కింద ఓ చిన్న లైను ఉంటుంది: "ప్రాజెక్ట్ రిపోర్టులు తయారుచేయబడును". పీఎంఈజీపీ (కేంద్రం సబ్సిడీతో ఇచ్చే స్వయం ఉపాధి లోను) కావచ్చు, పీఎంఎఫ్ఎంఈ (చిన్న ఆహార యూనిట్ల సబ్సిడీ పథకం) కావచ్చు, ముద్ర (చిన్న వ్యాపారాల లోను) కావచ్చు. 3 వేలు ఇస్తే సాయంత్రానికి స్పైరల్ బైండింగ్‌తో చేతికి వస్తుంది. అదే సీఏ (చార్టర్డ్ అకౌంటెంట్) ఆఫీసుకు పోతే 10 నుంచి 15 వేలు, వారం పది రోజులు. ఈ రివ్యూ ఈ రెండు రకాల సర్వీసుల మీద. పేర్లు రాయడం లేదు. జిరాక్స్ సెంటర్ల సంగతైతే పేరుతో పెద్ద పని కూడా లేదు, లోపలి ఎక్సెల్ షీటు చాలాచోట్ల ఒకటే.

ముందుగా చిన్న రిపోర్టు సంగతి. నమూనాగా తీసుకున్నది వనపర్తి దగ్గర రెండు చెక్క గానుగలతో పెట్టే పల్లినూనె యూనిట్ రిపోర్టు. 22 పేజీలు, ప్రాజెక్ట్ ఖర్చు 10 లక్షలు: మెషినరీ 6, వర్కింగ్ క్యాపిటల్ (సరుకు కొనడానికి, రోజువారీ నడపడానికి డబ్బు) 4. సొంత డబ్బు లక్ష, బ్యాంకు 9 లక్షలు.

అక్కడ అడిగే మొదటి ప్రశ్నతోనే సర్వీసు స్థాయి తెలిసిపోతుంది. "ఎన్ని లక్షల లోన్ కావాలె అన్నా?" అంతే. పల్లికాయ ఎక్కడ కొంటారు, ఏ నెలల్లో కొంటారు, నూనె ఎవరు తీసుకుంటారు, ఉద్దెర ఎంత ఇవ్వాల్సి వస్తుంది అని ఎవరూ అడగరు. లోను అంకె చెబితే చాలు, అక్కడి నుంచి వెనక్కి లెక్క నడుస్తుంది: అంత లోను తీర్చాలంటే ఇంత లాభం రావాలి, అంత లాభం రావాలంటే ఇంత నూనె అమ్మాలి, అంత అమ్మాలంటే గానుగ ఇంత ఆడాలి. ప్లానింగ్‌ను తలకిందులుగా చేయడమంటే ఇదే.

9వ పేజీలో ఆ వెనక్కి లెక్క బయటపడుతుంది. రెండు గానుగలు 8 గంటల షిఫ్టులో రోజుకు 250 లీటర్లు తీస్తాయని రాశారు. 3 హెచ్‌పీ మోటారు గానుగలో ఒక వాయికి (ఒకసారి పోసి ఆడేదానికి) 16 కిలోల పల్లీలు పోస్తే, దించి, చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) తీసి, మళ్లీ పోసేసరికి 50 నిమిషాలు పడుతుంది. ఎనిమిది గంటల్లో భోజనం, శుభ్రం పోగా 8 వాయిలు, అంటే 128 కిలోలు. రెండింటికీ కలిపి 256 కిలోలు. గానుగలో 40 శాతం దిగుబడి వేసుకుంటే 102 కిలోల నూనె, లీటరు 915 గ్రాముల లెక్కన 112 లీటర్లు. రెండు మూడు రోజులు తేరనిస్తే మడ్డి కింద 2, 3 శాతం పోతుంది. అమ్మడానికి మిగిలేది 109 లీటర్లు. 250 లీటర్లు కావాలంటే ఒక్కో గానుగ 18 వాయిలు ఆడాలి, అంటే 15 గంటలు. ఆ రెండో షిఫ్టు జీతం రిపోర్టులో ఎక్కడా లేదు.

ముడిసరుకు పేజీలో తప్పు ఇంకా పెద్దది. లీటరు నూనెకు పల్లీల ఖర్చు 143 రూపాయలని ఉంది. దిగుబడి 48 శాతం, పల్లీలు కిలో 75 అని వేస్తే ఈ అంకె వస్తుంది. 48 శాతం అనేది గింజలో ఉండే మొత్తం నూనె, ల్యాబులో తేలే మాట. చెక్క గానుగ అంత పిండలేదు, మిగిలినది చెక్కలోనే ఉంటుంది. ఇక ధర: 2025-26 సీజన్‌కు వేరుశనగ కాయ మద్దతు ధర క్వింటాలు 7,263. కాయ ఒలిస్తే 68 శాతం గింజ వస్తుందనుకుంటే, పల్లీలు కిలో 107 దగ్గర పడతాయి. మడ్డి కూడా కలుపుకుంటే లీటరుకు 2.35 కిలోల పల్లీలు కావాలి, అంటే 251 రూపాయలు. చెక్క కిలో 35కు అమ్ముడుపోతుందనుకుంటే 48 వెనక్కి వస్తుంది. నికరం 203. రిపోర్టులోని 143కూ దీనికీ మధ్య 60 రూపాయల తేడా ఉంది. చాలా గానుగ యూనిట్లకు లీటరు మీద మిగిలే లాభం కూడా అంత ఉండదు. పైగా ఈ 203లో హమాలీ, దడువాయి (తూకం వేసే మనిషి) ఖర్చు, రవాణా, ఒలిచే కూలి ఇంకా కలపలేదు.

తేమ సంగతి ఏ రిపోర్టులోనూ కనబడదు. యార్డులో 12 శాతం తేమతో కొన్న కాయను నిల్వకు పనికొచ్చేలా 8 శాతానికి ఎండబెడితే క్వింటాలుకు 4 కిలోలకు పైనే తూకం తగ్గుతుంది. ఎండబెట్టకుండా బస్తాల్లో వేస్తే బూజు, దాంతో అఫ్లాటాక్సిన్ అనే విషం. వాసన పట్టిన నూనె తీసుకున్న ఇంటివాళ్లు రెండోసారి రారు.

అసలు చిక్కు సరుకు కొనే సమయంలో ఉంది. రిపోర్టు ఏడాదిని 12 సమాన ముక్కలు చేసింది: ప్రతి నెలా అంతే కొనుగోలు, అంతే అమ్మకం. పాలమూరులో పల్లి యాసంగి పంట. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్, జడ్చర్ల దగ్గరి బాదేపల్లి యార్డులకు కాయ డిసెంబర్ చివర మొదలై మార్చి దాకా వస్తుంది. ధర తక్కువగా ఉండేదీ, కొత్త కాయ దొరికేదీ అప్పుడే. జులైలో కావాలంటే నిల్వ పెట్టిన వ్యాపారి దగ్గర, అతను చెప్పిన రేటుకు కొనాలి.

దీన్ని అంకెల్లో పెడితే: మొదటి ఏడాది కెపాసిటీలో 60 శాతం నడుస్తుందనుకుంటే 46 టన్నుల పల్లీలు, అంటే 678 క్వింటాళ్ల కాయ కావాలి. మద్దతు ధరకే కొన్నా 49 లక్షలు. రిపోర్టులో వర్కింగ్ క్యాపిటల్ 4 లక్షలు అని ఒకే లైను ఉంది, కింద వివరం లేదు. ఆ డబ్బు సరిగ్గా ఒక నెల సరుకుకు కూడా చాలదు. జనవరిలో 4 లక్షలు పెట్టి కాయ కొంటారు, ఫిబ్రవరిలో నూనె చేస్తారు, సగం ఉద్దెరకు పోతుంది. మార్చిలో మంచి కాయ యార్డులో కుప్పలు పోసి ఉన్నా చేతిలో పైసలుండవు. ఏప్రిల్‌కు గానుగ వారానికి మూడు రోజులు తిరుగుతుంది. యూనిట్ మూతపడితే "మార్కెట్ లేదు" అంటారు. మార్కెట్ ఉంది, లేనిది ఫిబ్రవరిలో డబ్బు.

మొత్తం 49 లక్షల సరుకు ఎవరూ కొనక్కర్లేదు. బ్యాంకులు చిన్న యూనిట్లకు వాడే టర్నోవర్ పద్ధతి ఒకటి ఉంది, నాయక్ కమిటీ పద్ధతి అంటారు: ఏడాది అమ్మకాల అంచనాలో 25 శాతం వర్కింగ్ క్యాపిటల్ అవసరమని లెక్కగట్టి, అందులో అమ్మకాల మీద 20 శాతం బ్యాంకు, 5 శాతం సొంతం. ఈ యూనిట్ నూనె, చెక్క కలిపి 68 లక్షల అమ్మకం చూపితే బ్యాంకు వంతు 13.6 లక్షలు, సొంతం 3.4, మొత్తం 17 లక్షలు. దాంతో సీజన్‌లో 234 క్వింటాళ్లు, అంటే నాలుగు నెలల సరుకు వస్తుంది. మిగతా నెలలకు పల్లీలు నెలనెలా, ఎక్కువ రేటుకు కొనాలి. ఆ ఎక్కువ రేటు కూడా లెక్కలో రాయాలి. ఇది కాకుండా ఇంకో దారి కూడా ఉంది, ఏ రిపోర్టూ దాని జోలికి పోదు: ఏడాదిలో కొన్ని నెలలు కూలికి గానుగ పట్టడం. ఇంటికి పల్లీలు దాచుకునే రైతులు ఈ జిల్లాల్లో కొదవలేదు. కిలోకు ఇంత అని తీసుకుంటే ముడిసరుకు మీద పైసా పెట్టుబడి ఉండదు, గానుగా ఖాళీగా ఉండదు. ప్లానింగ్ పాఠంలో "ప్రత్యామ్నాయాలు పోల్చడం" అని చదువుతాం కదా, అది ఇక్కడ చేయాలి.

ఆ పాఠం మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. 1916లో ఫయోల్ అనే ఫ్రెంచి గనుల ఇంజనీరు మేనేజ్‌మెంట్ పనులను విడదీసి చెప్పినప్పుడు మొదటి పనికి వాడిన ఫ్రెంచి మాటలో రెండర్థాలున్నాయి: రాబోయేది చూడటం, దానికి ఏర్పాటు చేయడం. 3 వేల రిపోర్టు మొదటిది చేసినట్టు నటిస్తుంది, రెండోది వదిలేస్తుంది.

మిగతా పేజీలు గబగబా తిప్పేయొచ్చు. మార్కెట్ పేజీలో దేశంలో నూనె వాడకం మీద రెండు పేరాలు, దగ్గరి ఊళ్లు కొత్తకోట, పెబ్బేరు ఊసే లేదు. 14వ పేజీలో "ఇటుకల క్యూరింగ్‌కు నీటి సదుపాయం కలదు" అని ఉంది. అంతకుముందు ఎవరి ఫ్లైయాష్ ఇటుకల రిపోర్టో ఇదే ఫైల్లో టైపు చేసినట్టున్నారు. మెయింటెనెన్స్ మొదటి ఏడాది సున్నా. గానుగ రోకలి, రోలు అరిగేవే, సున్నా ఎలా అవుతుంది? కొటేషన్ కోయంబత్తూరు మెషిన్‌ది, గడువు 30 రోజులు. బ్యాంకు ఫైలు కదిలేలోపు అది అయిపోతుంది.

సబ్సిడీ పేజీ దగ్గర మాత్రం ఆగాలి. పీఎంఈజీపీలో మార్జిన్ మనీ, అంటే సబ్సిడీ, జనరల్ వాళ్లకు గ్రామాల్లో 25 శాతం, పట్టణాల్లో 15. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళలు వగైరాలకు గ్రామాల్లో 35, పట్టణాల్లో 25, సొంత వాటా 5 శాతమే. పంచాయతీ పరిధి అయితే గ్రామం, మున్సిపాలిటీ అయితే పట్టణం. వనపర్తి చుట్టుపక్కలైనా, నల్గొండ చుట్టుపక్కలైనా, మున్సిపాలిటీలో కలిసిన ఊరిని పాత లెక్కలో "గ్రామం" అని రాస్తే 10 లక్షల మీద లక్ష తేడా వస్తుంది. షెడ్డు అగ్రిమెంటు రాయించే ముందే ఇది తేల్చుకోవాలి, అర కిలోమీటరు అటు జరిగితే లక్ష మిగలొచ్చు. రెండో తప్పు: రిపోర్టులో సబ్సిడీని మొదటి నెలే లోనులోంచి తీసేశారు. నిజానికి అది మూడేళ్లు టర్మ్ డిపాజిట్‌గా బ్యాంకులోనే ఉంటుంది, యూనిట్ నడుస్తోందని తనిఖీలో తేలాకే సర్దుబాటు. ఆ డిపాజిట్‌కు వడ్డీ రాదు, లోనులో అంత భాగానికి వడ్డీ పడదు. ఆ డబ్బు చేతికొస్తుందనుకుని చేసిన ఏర్పాట్లన్నీ తప్పుతాయి. స్థలం ధర ప్రాజెక్ట్ ఖర్చులో కలపకూడదని రిపోర్టు రాసినవాళ్లకు తెలుసు, ఆ ఒక్కటి సరిగానే చేశారు.

ఇంకో చిన్న విషయం. వనపర్తి 2016లోనే వేరే జిల్లా అయింది. రిపోర్టు అట్ట మీద ఇంకా "మహబూబ్‌నగర్ జిల్లా" అనే ఉంది. ఆన్‌లైన్ దరఖాస్తులో కూడా అలాగే ఎంచుకుంటే ఫైలు వేరే జిల్లా ఆఫీసుకు పోతుంది.

బ్రేక్ ఈవెన్ (లాభం, నష్టం లేకుండా నిలిచే స్థాయి) "38 శాతం" అని ఒక్క అంకె ఇచ్చారు. శాతం ఎవరికి కావాలి? కావాల్సింది రోజుకు ఎన్ని లీటర్లు అన్నది. షెడ్డు కిరాయి 12,000, ఇద్దరి జీతాలు 27,000, చిల్లర ఖర్చులు 4,000. 9 లక్షలకు 11 శాతం వడ్డీతో ఐదేళ్ల కిస్తీ 19,570. దీనికి యజమాని ఇంటి ఖర్చు 20,000 కలపాలి. రిపోర్టుల్లో ఈ లైను ఎప్పుడూ ఉండదు, అందుకే గల్లా పెట్టె ఎప్పుడూ లెక్క తప్పుతుంది. మొత్తం 82,570. లీటరు 315కు అమ్మితే 5 శాతం జీఎస్టీ పోను 300. పల్లీలు 203, సీసా, మూత, లేబుల్, కరెంటు కలిపి 20. మిగిలేది 77. అంటే నెలకు 1,072 లీటర్లు, 25 రోజులకు రోజుకు 43. గానుగకు ఇది తేలిక, సగం పని కూడా కాదు. అమ్మడమే కష్టం: ఒక ఇల్లు నెలకు 3 లీటర్లు వాడితే 357 ఇళ్లు కావాలి, అందరూ నగదు ఇవ్వాలి. కిరాణా షాపుకు వేస్తే 30 రూపాయల కమీషన్ పోయి 47 మిగులుతుంది, అప్పుడు 1,757 లీటర్లు. ఈ 357 ఇళ్లు ఎక్కడున్నాయని బ్యాంకు మేనేజర్ అడిగితే రిపోర్టులో జవాబు లేదు.

ఇప్పుడు సీఏ ఆఫీసు రిపోర్టు. అంకెలు పొందికగా ఉంటాయి, సీఎంఏ డేటా (బ్యాంకు అడిగే పద్ధతిలో లెక్కల పట్టికలు) ఉంటుంది, డీఎస్‌సీఆర్ (అసలు, వడ్డీ కట్టాల్సిన దానికి ఎన్ని రెట్లు ఆదాయం ఉందన్న అంకె) 1.6, 1.8 దగ్గర ఉంటుంది. బ్యాంకులు మామూలుగా సగటున 1.5 చూస్తాయి. జిరాక్స్ సెంటర్ రిపోర్టులో అది 2.8తో మొదలై ఐదో ఏటికి 5 దాటుతుంది, అనుభవమున్న మేనేజర్‌కు అది చూడగానే అనుమానం వస్తుంది. సీఏ ఆఫీసులో ప్రశ్నలు కూడా అడుగుతారు: కొటేషన్లు, కిరాయి అగ్రిమెంటు, కరెంటు లోడు, పాత ఖాతా స్టేట్‌మెంట్లు. కానీ అవన్నీ కాగితాల ప్రశ్నలు. యార్డులో కాయ ఏ నెలలో వస్తుందో వాళ్లూ అడగరు. వాళ్ల షీటులోనూ వర్కింగ్ క్యాపిటల్ "30 రోజుల ముడిసరుకు" అనే ఉంటుంది. ఏడాది పొడవునా సరుకు దొరికే వ్యాపారానికి, ఉదాహరణకు ఫ్యాబ్రికేషన్ షాపుకు, అది సరిపోతుంది. పల్లికి సరిపోదు. నకిరేకల్ నిమ్మకాయతో పచ్చడి పెట్టేవాళ్లకూ సరిపోదు, ఎండాకాలంలో నిమ్మ ధర ఎక్కడికి పోతుందో ఆ మార్కెట్‌కు ఒకసారి వెళ్లినవాళ్లకు తెలుసు.

రెండు సర్వీసులకూ వర్తించే పరీక్ష ఒకటుంది. పీడీఎఫ్ కాదు, ఎక్సెల్ ఫైలు అడగండి. ఇచ్చాక పల్లీల ధర గడిలో 107 తీసి 120 పెట్టండి. లాభం, డీఎస్‌సీఆర్ కదిలితే అది లెక్క. కదలకపోతే అంకెలు చేత్తో టైపు చేసినవి. నమూనా రిపోర్టులో ధర మార్చినా లాభం గడి అలాగే ఉండిపోయింది, లోపల ఫార్ములా లేదు. సీఏ ఫైలులో కదిలింది. 10 వేల తేడాకు దొరికే అసలు సరుకు ఇదే: ప్రతి నెలాఖరుకు అసలు అంకెలు పక్క కాలమ్‌లో వేసుకుని, ఎక్కడ తప్పామో చూసుకోవచ్చు.

క్యాలెండర్ పేజీ మాత్రం రెండింటిలోనూ లేదు, విడిగా అడిగి రాయించుకోవాలి. వెనక నుంచి ముందుకు రావాలి: జనవరిలో కాయ కొనాలంటే డిసెంబర్‌లో ట్రయల్ వాయిలు అయిపోవాలి. దానికి మెషిన్ నవంబర్‌లో దిగాలి, అప్పటికి త్రీఫేజ్ కరెంటు కనెక్షన్, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార లైసెన్సు) పని పూర్తవ్వాలి. మెషిన్ ఆర్డరు సెప్టెంబర్‌లో, అంటే లోను మంజూరు ఆగస్టులో, దరఖాస్తు ఏప్రిల్, మేలో. చాలామంది రిపోర్టు రాయించేది దసరా తర్వాత. లోను మార్చిలో వస్తుంది, మెషిన్ మేలో దిగుతుంది, అప్పటికి యార్డు ఖాళీ. మొదటి కిస్తీ మాత్రం ఆగదు. ఆలస్యం తప్పదనుకుంటే మారటోరియం (కిస్తీ మొదలయ్యేలోపు ఇచ్చే గడువు) నెలలను వచ్చే జనవరి దాకా అడగాలి, దానికి కారణం ఆ క్యాలెండర్‌తోనే చూపించాలి.

డబ్బు పెట్టే ముందు ఉచితంగా దొరికేవి చూసుకోవాలి. ఆహార యూనిట్ అయితే పీఎంఎఫ్ఎంఈ కింద 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ ఉంది, దానికి జిల్లా రిసోర్స్ పర్సన్ రిపోర్టు తయారీలో సాయం చేస్తారు, దరఖాస్తుదారు ఫీజు ఇవ్వక్కర్లేదు. కేవీఐసీ (ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్) వెబ్‌సైటులో నమూనా ప్రాజెక్టులు ఉచితం. పీఎంఈజీపీ దరఖాస్తుకూ, ఉద్యం (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్‌కూ ఫీజు లేదు. "సబ్సిడీలో ఇంత శాతం మాకు" అని జిరాక్స్ సెంటర్‌లో ఎవరన్నా అంటే బయటికి వచ్చేయండి, ఈ పథకంలో మధ్యవర్తులెవరికీ అధికారం లేదు.

రేటింగ్: 3 వేల రిపోర్టుకు 5కు 1.5. ఆ ఒకటిన్నర కూడా దరఖాస్తు ఫారాలు తప్పుల్లేకుండా నింపినందుకు, వేగానికి. 50 వేల లోపు ముద్ర శిశు లోనుకు, టీ కొట్టుకు, కుట్టు మెషిన్‌కు ఇది చాలు, అక్కడ రిపోర్టు లాంఛనమే. సీఏ ఆఫీసు రిపోర్టుకు 3.5. 10 లక్షలు దాటితే, ముడిసరుకు సీజన్ మీద ఆధారపడితే అదే మేలు. పోయేటప్పుడు ఒక తెల్లకాగితం మీద మూడు అంకెలు రాసుకుపోండి: గానుగ రోజుకు నిజంగా ఆడే వాయిలు, మీ యార్డులో గత మూడు సీజన్ల జనవరి ధర, జులై ధర. అవి చూస్తే వాళ్లు వర్కింగ్ క్యాపిటల్ లైను తిరగ రాస్తారు. క్యాలెండర్ పేజీకి విడిగా 2 వేలు అడిగినా ఇవ్వొచ్చు, వద్దనుకుంటే గోడ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో మీరే వేసుకోవచ్చు.